ఏడేళ్లు వాడిన పూత ఫిల్టరు

కార్తీక పౌర్ణమి రాత్రి రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో తీసిన ఒక ఫొటోను ఇప్పటికీ దాచుకున్నాను. ఎడమవైపు కింద, మెట్ల మీద విద్యుద్దీపాల వరుస ఉంది. కుడివైపు పైన, నల్లని ఆకాశంలో అదే వరుస తలకిందులుగా, మసక చుక్కలుగా తేలుతోంది. లెన్సు మంచిదే. దుమ్ము పడకుండా దాని ముందు బిగించిన ఫిల్టరు మాత్రం, వెలుగు వెనక్కి తిరగడాన్ని తగ్గించే ఏ పూతా లేని ఉత్త గాజు. కెమెరాలో బొమ్మను పట్టే సెన్సరు మీద పడిన వెలుగులో కొంత వెనక్కి తిరిగి, లెన్సు దాటి, చదునైన ఆ గాజుకు తగిలి మళ్లీ లోపలికి వచ్చింది. అందుకే ఆ దొంగ దీపాలు అసలు దీపాలకు సరిగ్గా ఎదురుగా, ఫొటో మధ్య బిందువుకు అవతలివైపు పడ్డాయి.

ఆ వారంలోనే పలుపొరల పూత ఉన్న 67 మిల్లీమీటర్ల ఫిల్టరు కొన్నాను. ఏడేళ్లుగా పెళ్లిళ్లకూ ప్రయాణాలకూ అదే వాడుతున్నాను.

పూత లేని గాజు, గాలిని తాకే ప్రతి ముఖం దగ్గరా దాదాపు 4 శాతం వెలుగును వెనక్కి పంపుతుంది. ఫిల్టరుకు రెండు ముఖాలు కనుక దాదాపు 8 శాతం. అలాంటి ముఖాలు 12 ఉన్న లెన్సుకు పూతే లేకపోతే లోపలికి చేరేది 61 శాతమే. మిగిలినదానిలో కొంత గాజుల మధ్య అటూ ఇటూ తిరిగి ఫొటో మీద తెల్లని తెర కప్పుతుంది. పెళ్లికొడుకు నల్ల కోటు బూడిదరంగుకు దిగుతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టేది వెలుగు తగ్గడం కాదు, ఈ తెరే.

జర్మనీలోని జైస్ అనే లెన్సుల కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా 1935లో ఈ పూతకు దారి చూపారు. మిల్లీమీటరులో పదివేలో వంతు మందం ఉండే మెగ్నీషియం ఫ్లోరైడు పొర ఒక్కటి ఉన్నా, తిరిగిపోయే వెలుగు ఒకటిన్నర శాతం దగ్గరికి దిగుతుంది. పొర పైనుంచీ అడుగునుంచీ తిరిగి వచ్చే అలలు ఒకదానినొకటి రద్దు చేసుకుంటాయి. ఒక్క పొర ఒక రంగుకే బాగా సరిపోతుంది. సాధారణంగా ఆకుపచ్చకు సరిచేస్తారు కనుక మిగిలిన ఎరుపూ నీలమూ కలిసి ఊదాగా మెరుస్తాయి. పొరలు పెరిగితే అన్ని రంగులకూ పని జరిగి, ముఖానికి అర శాతం కన్నా తక్కువే తిరిగి వస్తుంది.

కొనేటప్పుడు డబ్బా మీద రాసింది నమ్మకండి. దుకాణంలోని ట్యూబులైటు కింద ఫిల్టరును వంచి పట్టుకోండి. లైటు తెల్లగా, అద్దంలో కనిపించినట్టు కనిపిస్తే పూత లేనట్టే. పలుపొరల పూత ఉన్నదానిలో లైటు మసకగా, ఆకుపచ్చగానో ఊదాగానో కనిపిస్తుంది.

నాకు అసలు కష్టం తుడవడంలో ఎదురైంది. మొదటి ఏడాది ఈ ఫిల్టరు మీద వేలిముద్రలు ఎందుకింత కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయా అని విసుగొచ్చేది. లోపం ఫిల్టరుది కాదు. చేతి జిడ్డు పూత మీద పరుచుకుంటే రద్దు లెక్క తప్పి, ఆ మేర వెలుగు మళ్లీ తిరిగివస్తుంది. చుట్టూ చీకటిగా ఉన్న గాజు మీద ఆ మరక మెరుస్తుంది. పొడి గుడ్డతో రుద్దితే జిడ్డు ఇంకా పరుచుకుంటుంది. లెన్సు ద్రవం రెండు చుక్కలు మైక్రోఫైబరు గుడ్డకు అద్ది, మధ్యనుంచి అంచుకు తుడిస్తే పోతుంది.

తలంబ్రాలప్పుడు బియ్యపు నూకా పసుపూ వచ్చి పడతాయి. ముందు గాలి బుడ్డితో ఊదాలి, తర్వాతే గుడ్డ. విశాఖ బీచ్‌లో ఉప్పు తుంపర పడిన రోజు ఆ ఓపిక లేక చొక్కా అంచుతో తుడిచాను. రెండు సన్నని గీతలు మిగిలాయి. ఇప్పుడైతే ఫిల్టరును విప్పి, కుళాయి నీటితో మెల్లగా కడిగి ఆరబెడతాను. లెన్సును మాత్రం అలా కడగకూడదు.

ఇంత మంచి పూత కూడా రాత్రి వీధి దీపాల ముందు పూర్తిగా గెలవదు. ప్రకాశం బ్యారేజి దీపాలు తీసినప్పుడు నీటి మీద రెండు లేత ఆకుపచ్చ చుక్కలు వచ్చాయి. ఫిల్టరు తీసేసి మళ్లీ తీస్తే రాలేదు. అప్పటినుంచి చీకటి పడగానే దాన్ని విప్పి సంచిలో పెడతాను. పగలు దుమ్ములో, జనంలో తిరిగేటప్పుడు ఉంచుతాను. ఉత్త గాజు ఫిల్టరును మాత్రం ఊరికే ఇచ్చినా లెన్సుకు బిగించను.