పాత కట్టడంలో భోజనమా? బల్ల ఎంచుకునే ముందు కప్పు చూడండి

చర్చి, బ్యాంకు హాలు, గోదాము, నేలమాళిగ: పాత కట్టడం ఏదైనా రెస్టారెంటుగా మారితే ఫొటోల్లో బ్రహ్మాండంగా ఉంటుంది. ఎదురుగా కూర్చున్నవాళ్ల మాట వినిపిస్తుందో లేదో మాత్రం ఫొటో చెప్పదు.

జనం లేని వేళ లోపలికి వెళ్లి ఒక్క చప్పట చరచండి. సెకనులో అణిగిపోతే మంచిదే. మూడు సెకన్లు మోగిందా, హాలు నిండాక గొంతు చించుకోవాల్సిందే. పక్కబల్ల గొంతు పెరిగితే మనదీ తెలియకుండానే పెరుగుతుంది. దీన్నే లాంబార్డ్ ఎఫెక్ట్ అంటారు.

చప్పుడు ఆగాక కూడా హాల్లో ఎంతసేపు మోగుతుందో, అంటే మారుమోత లెక్క, సబైన్ సూత్రంతో తేలుతుంది: మారుమోత సెకన్లు = 0.161 × ఘనపరిమాణం ÷ శోషణ (ధ్వనిని పీల్చుకునే శక్తి, చదరపు మీటర్లలో). 20 మీటర్ల పొడవు, 10 వెడల్పు, 8 ఎత్తు ఉన్న హాలు 1,600 ఘనపు మీటర్లు. రాయి, గార, అద్దాలన్నీ కలిసి 80 చదరపు మీటర్ల శోషణ ఇస్తాయనుకుంటే మారుమోత 3.2 సెకన్లు. ఒక సెకనుకు దించాలంటే 258 చదరపు మీటర్ల శోషణ కావాలి. 80 మంది కూర్చున్నా 40కి మించి రాదు, ఇంకా దాదాపు 140 వెతుక్కోవాలి. నాలుగు కర్టెన్లు, ఓ తివాచీ ఏ మూలకూ చాలవు. అంత చోటు దొరికేది కప్పు దగ్గరే.

అందుకే తలెత్తి చూడండి. దూలాల మధ్య 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (ధ్వనిని పీల్చే రాతి నార) పలకలు, వాటి వెనక కాస్త ఖాళీ ఉంటే పని తెలిసినవాళ్లు చేసినట్టే. పలుచటి ఫోమ్ అంటిస్తే గిన్నెల చప్పుడు తగ్గుతుంది గానీ మంద్రపు హోరు అలాగే ఉండి మాట ముద్దగా వినిపిస్తుంది. గుడ్డ పలకలకు మందంగా రంగు పూస్తే రంధ్రాలు పూడి పని చేయవు. చెమ్మ పీల్చే పాత సున్నపు గోడకు గాలి ఆడకుండా పలక బిగిస్తే వెనక బూజు పడుతుంది.

రకాలవారీగా చూస్తే చెక్క నేల, చెక్క దూలాలున్న గోదాములే నయం. పాలరాతి బ్యాంకు హాళ్లు అన్నిటికన్నా కష్టం. ఎత్తైన చర్చి పలచగా జనం ఉన్నప్పుడు హాయి, నిండితే నరకం. అక్కడ నడిమి వరుస వదిలి, పక్కన కప్పు తక్కువగా ఉన్న చోటు అడగండి. నేలమాళిగలో మారుమోత తక్కువే, కానీ వంపు కప్పు ధ్వనిని ఒకచోటికి పోగేస్తుంది. న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషన్‌లో ఆయిస్టర్ బార్ ముందున్న కమాను కింద ఒక మూల గుసగుసలాడితే ఎదురు మూలకు స్పష్టంగా వినిపిస్తుంది. రహస్యాలకు మూలబల్ల కోరుకునేవాళ్లు జాగ్రత్త!

కుర్చీకాళ్ల కింద ఫెల్ట్ ఉందా, బల్లగుడ్డ కింద మందపాటి పొర ఉందా చూడండి. మారుమోతను ఇవి పెద్దగా తగ్గించవు, పుట్టే చప్పుడును మాత్రం ఆపుతాయి. సంగీతానికి రెండు పెద్ద స్పీకర్ల కన్నా బల్లల దగ్గర చిన్నవి ఎక్కువ ఉంటే మేలు.

అదే కట్టడంలో బస అయితే డైనింగ్ హాలు మీది గది వద్దనండి. చెక్క నేల గుండా కింది మాటలు, సంగీతం పైకి వచ్చేస్తాయి. కట్టడం వేరే భాగంలో గది లేకపోతే వంటగది ఎన్నింటికి మూసేస్తారో బుకింగ్‌కి ముందే అడగండి.