గుజరాతీ గల్లీ మరమ్మతు దుకాణం: మా కీబోర్డు బొంగురుకు అసలు కారణం తేల్చిన చోటు

పిల్లలకు సంగీత పాఠం చెప్పడానికి నేను వాడే 61 కీల కీబోర్డు వినాయక చవితి తర్వాత బొంగురుపోయింది. తార స్థాయిలో, అంటే పై స్వరాల్లో, పెద్దగా తేడా తెలిసేది కాదు గానీ, కింది స్వరాలుండే మంద్ర స్థాయికి దిగగానే, అందులోనూ తంబూరా టోన్ పెట్టి షడ్జమాన్ని పట్టి ఉంచినప్పుడు, ఎడమ వైపు నుంచి గరగరమని చిరుగు శబ్దం వచ్చేది. నాలుగైదు కీలు కలిపి గట్టిగా నొక్కితే రెండు వైపులా శబ్దం పగిలిపోయేది. ఏమీ నొక్కకపోయినా వెనుక సన్నని హోరు ఉండనే ఉండేది. శ్రుతి మీద నిలబడటం అప్పుడప్పుడే నేర్చుకుంటున్న పిల్లల చెవిలో అలాంటి ధ్వని పడటం నాకు ఎంతమాత్రం ఇష్టం లేకపోయింది.

మొదట వెళ్లిన చోట మూత కూడా విప్పకుండానే మదర్‌బోర్డు పోయిందని, 6,500 రూపాయలు అవుతుందని చెప్పారు. ఆ మాట నమ్మబుద్ధి కాక, తెలిసినవారి సలహాతో కోఠిలోని గుజరాతీ గల్లీకి చిక్కడపల్లి నుంచి ఆటోలో తీసుకువెళ్లాను. అక్కడ మెట్ల కింద, పేరు బోర్డు లేని చిన్న దుకాణంలో యాంప్లిఫయర్లూ కీబోర్డులూ బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. ఈ సమీక్ష ఆయన పని గురించే.

నేను బోర్డు సంగతి ఎత్తగానే ఆయన, “బోర్డు సంగతి తర్వాత చూద్దామమ్మా, ముందు హెడ్‌ఫోన్ పెట్టి వినండి,” అన్నారు. హెడ్‌ఫోన్‌లో గరగర పూర్తిగా మాయమైంది, హోరు మాత్రం లీలగా మిగిలింది. స్వరాలను తయారుచేసే భాగం చెడిపోతే హెడ్‌ఫోన్‌లో కూడా అదే చెడ్డ ధ్వని వినిపించాలి. అక్కడ శుభ్రంగా ఉందంటే లోపం స్పీకర్లలోనో, వాటిని నడిపే యాంప్లిఫయర్ భాగంలోనో, హెడ్‌ఫోన్ గుచ్చగానే స్పీకర్లను ఆపేసే సాకెట్ స్విచ్‌లోనో ఉండాలని ఆయన వివరించారు. ఇంట్లో ఎవరైనా రెండు నిమిషాల్లో చేసుకోగల ఈ పరీక్షను ఇన్నేళ్ల బోధనలో నాకు ఎవరూ చెప్పలేదు.

తర్వాత అడాప్టర్ తీసేసి ఆరు కొత్త బ్యాటరీలు వేశారు. హోరు పోయింది, కీలు కలిపి నొక్కినప్పటి పగులు కూడా పోయింది. ఎడమ వైపు మంద్ర స్థాయి గరగర ఒక్కటే మిగిలింది. అంటే ఒకటి అనుకున్న జబ్బు నిజానికి రెండు. పాత అడాప్టర్ పోయినప్పుడు నేను బజారులో కొన్న చౌక అడాప్టర్ మీద 12 వోల్టులనే రాసి ఉంది, కానీ మల్టీమీటరు పెట్టి కీలు గట్టిగా నొక్కి చూస్తే అది 7 వోల్టుల దగ్గరికి పడిపోతోంది. యాంప్లిఫయర్‌కు చాలినంత వోల్టేజి అందనప్పుడు ధ్వని తరంగపు శిఖరాలు తెగిపోతాయి, అదే మనకు పగులుగా వినిపిస్తుంది. పిన్ను సరిపోయినంత మాత్రాన అడాప్టర్ సరిపోయినట్టు కాదని ఆయన గట్టిగా చెప్పారు. క్యాసియో ఏడీ-5 అడాప్టర్ 9 వోల్టులది, పిన్ను లోపలి భాగం నెగటివ్. యమహా పీఏ-150 మాత్రం 12 వోల్టులది, దాని లోపలి భాగం పాజిటివ్. రెండు కంపెనీల కీబోర్డులు ఉన్న ఇళ్లలో వీటిని తారుమారు చేయకుండా జాగ్రత్తపడాలి.

ఇక ఎడమ స్పీకర్. మూత విప్పి, రెండు బొటనవేళ్లతో స్పీకర్ కోన్‌ను, అంటే కదిలి శబ్దం పుట్టించే గరాటు లాంటి భాగాన్ని, సమానంగా, మెల్లగా లోపలికి నొక్కి నన్ను వినమన్నారు. ఇసుక మీద కాలు ఈడ్చినట్టు ఒక రాపిడి వినిపించింది. కోన్‌ను కదిలించే లోపలి తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, వేడికి ఆకారం మారి అయస్కాంతపు సందులో రాసుకుంటోందట. మంద్ర స్వరాలకు కోన్ ఎక్కువ దూరం కదులుతుంది కాబట్టి రాపిడి అక్కడే బయటపడుతుంది. కొత్త స్పీకర్‌ను పాతదాని సైజుతో పాటు ఓమ్‌లు (విద్యుత్ నిరోధపు కొలత) కూడా చూసి ఎంచుకున్నారు; 8 ఓమ్‌ల చోట 4 ఓమ్‌లది బిగిస్తే యాంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది.

కాయిల్ అంతగా ఎందుకు వేడెక్కిందో అడిగితే, ఈ మధ్య ఎక్కడ వాయించారని ఆయనే ఎదురు ప్రశ్న వేశారు. మా అపార్ట్‌మెంటు మండపంలో నవరాత్రులూ భజనలకు వాల్యూమ్ పూర్తిగా పెంచి, ఆ అడాప్టర్ మీదే వాయించాను. శిఖరాలు తెగిన ధ్వని గంటల తరబడి సాగితే చిన్న స్పీకర్ వేడెక్కక తప్పదు. ఇది వేరే సంగతి గానీ, మండపం మిక్సర్‌లో (మైకులూ వాద్యాల ధ్వనులను కలిపే పెట్టెలో) కీబోర్డు తీగను మైక్ ఇన్‌పుట్‌లో గుచ్చారు. మైక్ నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనం, కీబోర్డుది దానికంటే ఎన్నో రెట్లు బలమైనది. అక్కడ అది పగలక మానదు. బలమైన సంకేతాల కోసం ఉండే లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చి, కీబోర్డు వాల్యూమ్ సగం దాకా ఉంచి, మిగతా పెంపు మిక్సర్‌లో చేసుకోవాలన్నది ఆయన సలహా.

స్పీకర్‌కు 320, సరైన అడాప్టర్‌కు 550, పనికి 400, మొత్తం 1,270 రూపాయలు తీసుకున్నారు. పాత స్పీకర్‌ను కవర్లో పెట్టి తిరిగి ఇచ్చారు. ఉదయం ఇచ్చిన కీబోర్డు సాయంత్రానికి చేతికి వచ్చింది.

లోపాలు లేకపోలేదు. ఎడమ స్పీకర్ ఒక్కటే మార్చడం వల్ల ఇప్పుడు ఆ వైపు ధ్వని కుడివైపు కంటే కొంచెం పదునుగా ఉంది; రెండూ కలిపి మార్చుకునే అవకాశం ఉందని ముందే చెప్పి ఉంటే నేను సంతోషంగా ఒప్పుకునేదాన్ని. రసీదు అడిగితే చిన్న కాగితం మీద చేత్తో రాసి ఇచ్చారు, అందులో హామీ ప్రస్తావన లేదు. గల్లీలో బండి నిలపడానికి చోటు లేదు. సుల్తాన్ బజార్ మెట్రో స్టేషన్ దగ్గరే అయినా, కీబోర్డు మోసుకుని ఆ జనంలో నడవడం కష్టం, ఆటో మేలు. వెళ్లేటప్పుడు కీబోర్డుతో పాటు ఇంట్లో వాడే అడాప్టర్‌ను కూడా తప్పకుండా తీసుకువెళ్లండి. నేను దాన్ని ఇంట్లో వదిలి వెళ్లి ఉంటే ఆయనకు సగం జబ్బే కనిపించేది.