ఇంటర్ హాస్టల్లో రెండేళ్లు: మైనస్ మూడుతో మొదలు

2023 జూన్‌లో విజయవాడ దగ్గర ఒక రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేరాను. 2025 మార్చిలో పబ్లిక్ పరీక్షలు రాసి, ట్రంకుపెట్టె సర్దుకుని ఇంటికొచ్చేశాను. చేరిన నెలలో ఎవరైనా అడిగుంటే ఆ జీవితానికి సున్నా ఇచ్చేదాన్ని. ఇప్పుడు ఐదుకు మూడు ఇస్తాను.

మా ఊరి జెడ్పీ హైస్కూల్లో తెలుగు మీడియం నాది. స్కూల్ ఫస్ట్ కూడా. ఆ గర్వం మొదటి వీకెండ్ టెస్టు దాకా ఉంది. ఇంజనీరింగ్ ఎంట్రన్స్ జేఈఈ మెయిన్ పద్ధతిలో పెట్టారు: ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. ఖాళీ వదలడం నాకు అలవాటు లేదు. "ఏదో ఒకటి రాయండమ్మా, ఖాళీ వదలొద్దు" అనేవారు మా లెక్కల సారు. మ్యాథ్స్‌లో పద్దెనిమిదింటికి జవాబులు పెట్టాను. మూడు ఒప్పు, పదిహేను తప్పు. పన్నెండులోంచి పదిహేను పోతే మైనస్ మూడు! సున్నా కంటే కింద కూడా మార్కులుంటాయని అప్పుడే తెలిసింది. మెస్‌కి వెళ్లే దారిలో ర్యాంకుల లిస్టు అంటిస్తే, నా పేరు కింద నుంచి వెతుక్కున్నాను.

అందరూ సిలబస్ కష్టం అంటారు. నాకు ముందు మాటలే అడ్డం పడ్డాయి. లెక్చరర్ హైపోటెన్యూస్ అంటుంటే కొత్తదేదో అనుకుని భయపడ్డాను. బొమ్మ గీశాక చూస్తే కర్ణం! మొమెంటమ్ ద్రవ్యవేగమట, ఇనర్షియా జడత్వమట. తెలిసినవాళ్లే వేషం మార్చుకుని వచ్చినట్టుంది. నాన్నతో తెలుగు అకాడమీ పుస్తకాలు తెప్పించుకుని, ఇంగ్లీషువాటి పక్కన పెట్టి రాత్రి స్టడీ అవర్‌లో చదివేదాన్ని. వంద పేజీల నోటుబుక్‌లో ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట. దసరా సెలవులకి సగం నిండింది. ఆ తర్వాత దాన్ని తెరవాల్సిన పని పెద్దగా పడలేదు. వీకెండ్ టెస్టులో తెలియని ప్రశ్న వదిలేయడం నేర్చుకోవడానికే ఇంకా ఎక్కువ రోజులు పట్టింది.

బోర్డు పరీక్షల గురించి పడ్డ టెన్షన్ మాత్రం దండగ. మా బ్యాచ్‌కి మొదటి ఏడాది 470, రెండో ఏడాది ప్రాక్టికల్స్‌తో కలిపి 530, మొత్తం వెయ్యి మార్కులు. మ్యాథ్స్ పేపర్‌లో ఏడు మార్కుల ప్రశ్నలు ఏడు ఇస్తే, ఐదు రాస్తే సరిపోయేది. నెగిటివ్ మార్కుల్లేవు. మా సారు మాట అక్కడ మళ్లీ పనికొచ్చింది.

తిండి సంగతి చెప్పక్కర్లేదు. సాంబారు నీళ్లు, అమ్మ పంపిన కారప్పొడే దిక్కు. ఐదింటికి లేవడం పదిరోజుల్లో అలవాటైంది. ఆదివారం ఇంచార్జి మేడం ఫోన్లో ఐదు నిమిషాలు ఇంటికి మాట్లాడనిచ్చేవారు. అందులో రెండు నిమిషాలు "తిన్నావా" అన్నదానికే పోయేవి. మొదటి నెలంతా నేను మాట్లాడిందేం లేదు, ఏడ్చాను.

నేను రెండు మార్కులు కోసింది తిండికి కాదు, సెక్షన్లు మార్చినందుకు. ర్యాంకుల్ని బట్టి ఉన్నట్టుండి మార్చేసేవాళ్లు. నా పక్క మంచం అమ్మాయి, నాకు మ్యాథ్స్‌లో లిమిట్స్ పాఠం అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పిన పిల్ల, ర్యాంకు తగ్గి కింది సెక్షన్‌కి వెళ్లింది. మంచం కూడా మారింది. తర్వాత మెస్‌లో ఎదురుపడినా తలెత్తి చూసేది కాదు. ఇలా చేస్తే పిల్లలు కసిగా చదువుతారని వాళ్ల లెక్క. నేను చూసినంతలో కసి కంటే సిగ్గే ఎక్కువ పెరిగింది.

ఇంటిదగ్గర మంచి జూనియర్ కాలేజీ ఉండి, పొద్దున్నే లేచి చదివే అలవాటున్న పిల్లల్ని హాస్టల్‌కి పంపక్కర్లేదని నా అభిప్రాయం. మా ఊళ్లో పదో తరగతి తర్వాత చదువే లేదు కాబట్టి నాకు తప్పలేదు.

ఈ మధ్య మా పిన్ని కూతురు ఇంటర్‌లో చేరుతుంటే ట్రంకుపెట్టె, తాళం, ఆ మాటల నోటుబుక్ ఇచ్చేశాను. బకెట్ కూడా అడిగింది. అది రెండో నెల్లోనే ఎవరో పట్టుకుపోయారు.