క్రూయిజ్ షిప్పులో రాత్రి భోజనం: బంతికి కూర్చోవాలా, వీలైనప్పుడు వెళ్లాలా?

క్రూయిజ్ బుక్ చేసేటప్పుడు బాల్కనీ గది తీసుకోవాలా, లోపలి గది చాలా అని వారం రోజులు తర్జనభర్జన పడేవాళ్లు కూడా, డైనింగ్ అన్న చోటికి వచ్చేసరికి ఏదో ఒకటి నొక్కేసి ముందుకు వెళ్లిపోతారు. 7 రాత్రుల ప్రయాణంలో రోజుకు గంటన్నర చొప్పున పదిన్నర గంటలు కూర్చునే చోటు అది. శాకాహారులు, షుగరున్న పెద్దవాళ్లు, చిన్నపిల్లలు అందరూ కలిసి వెళ్లే మన కుటుంబాలకైతే దీని మీద ఇంకాస్త ఎక్కువ ఆలోచన పెట్టాలి.

పద్ధతులు రెండు. మొదటిది ఫిక్స్‌డ్, మన పెళ్లిళ్లలో బంతులు వేసినట్టే ఉంటుంది. మొదటి బంతి సాయంత్రం 5:30, 6 ప్రాంతంలో, రెండో బంతి 7:45 నుంచి 8:30 లోపు. ప్రయాణం పొడవునా అదే టైము, అదే టేబులు, అదే వెయిటరు, అదే అసిస్టెంటు. మెయిన్ డైనింగ్ రూములో షిప్పు జనమంతా ఒకేసారి పట్టరు కాబట్టి, మొదటి బంతి లేచాక టేబుళ్లు మళ్లీ సర్ది రెండో బంతిని కూర్చోబెడతారు. ఇక రెండో పద్ధతిలో, అంటే ఓపెన్ టైములో, సుమారు 5:30 నుంచి 9, 9:30 దాకా మనకు వీలైనప్పుడు వెళ్లొచ్చు. క్రూయిజ్ కంపెనీల్లో రాయల్ కరీబియన్ దీన్ని మై టైమ్ డైనింగ్ అంటుంది, కార్నివాల్ యువర్ టైమ్ డైనింగ్ అంటుంది. వంటగది ఒకటే, మెనూ ఒకటే. ఒకే షిప్పులో రెండు పద్ధతులూ ఉంటే డైనింగ్ రూములో ఒక అంతస్తు వీళ్లకి, ఇంకో అంతస్తు వాళ్లకి ఇస్తారు.

మరి తేడా ఎక్కడుంది? వెయిటరు దగ్గర. మనం టైము ఎంచుకుంటున్నాం అనుకుంటాం గానీ, మన తిండి సంగతి తెలిసిన మనిషి వడ్డించాలా, రోజూ ఒక కొత్త మనిషికి మొదటి నుంచి చెప్పుకోవాలా అన్నదే అసలు ప్రశ్న. ఫిక్స్‌డ్ టేబులు తీసుకుని మొదటి రాత్రే "మాకు గుడ్డు కూడా వద్దు, అమ్మకి ఉప్పు తగ్గించాలి, తెల్లన్నం, ప్లెయిన్ యోగర్ట్ రోజూ కావాలి" అని వివరంగా చెప్పారనుకోండి. రెండో రాత్రి అతనే గుర్తు చేసి అడుగుతాడు. మూడో రాత్రి మీరు వెళ్లి కూర్చునేసరికి నిలువుగా చీల్చిన పచ్చిమిరపకాయలు, నిమ్మచెక్కలు ఉన్న చిన్న ప్లేటు, మూత పెట్టిన పెరుగు గిన్నె టేబుల్ మీద సిద్ధంగా ఉంటాయి. పెద్దవాళ్ల ముఖంలో ఆ పెరుగు గిన్నె తెచ్చే తేడా ఎంత ఖరీదైన స్పెషాలిటీ రెస్టారెంటూ తేలేదు.

శాకాహారులకు ఫిక్స్‌డ్ టేబుల్లో ఇంకో పెద్ద సౌకర్యం ఉంది. మెనూలో లేని వంటకం కావాలంటే హెడ్ వెయిటరు రేపటి మెనూ తెచ్చి చూపించి, ముందురోజు రాత్రే ఆర్డరు రాసుకుంటాడు. ఇలా ఎందుకంటే, బంతి పద్ధతిలో గది నిండా ఉన్నవాళ్లంతా పావుగంట తేడాలో ఆర్డరిస్తారు. వంటగదిలో వందల ప్లేట్లు ఒకే ఊపులో సర్దుతారు. ఆ హడావుడిలో అప్పటికప్పుడు జీలకర్ర అన్నం, పప్పు అని అడిగితే అరగంట పైగా పడుతుంది, ఒక్కోసారి కుదరదనే చెబుతారు. ముందురోజు చెప్పినదైతే మిగతావాళ్ల ప్లేట్లతో పాటే వచ్చేస్తుంది. కార్నివాల్, రాయల్ కరీబియన్ మెయిన్ డైనింగ్‌లో ఇండియన్ వెజిటేరియన్ వంటకం దొరుకుతుంది. కారం మాత్రం మన నాలుకకి చప్పగానే ఉంటుంది. "ఇండియన్ స్పైసీ" అని విడిగా చెప్పాలి. వంటగదిలో ఇండియా వాళ్లు ఉండటం మామూలే కాబట్టి ఆ మాట వాళ్లకు అర్థమవుతుంది.

వెజిటేరియన్ అన్న ఒక్క మాటతో సరిపెట్టుకోవద్దు. అక్కడి లెక్కలో గుడ్డు వెజిటేరియనే. కూరగాయల సూపు పేరుకే కూరగాయలది, అడుగున చికెన్ స్టాకు ఉండొచ్చు. సీజర్ సలాడ్ డ్రెస్సింగులో ఆంచోవీ చేప ఉంటుంది. మూస్, పన్నా కోటా లాంటి తీపి వంటకాల్లో జెలటిన్ వేస్తారు. అది జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసేది. అందుకే సూపు దేంతో చేశారు, డెజర్టులో గుడ్డు, జెలటిన్ ఉన్నాయా అని ప్రతి రాత్రీ అడగాలి. మనం ఏవి తినమో ఫిక్స్‌డ్ టేబుల్లో ఒకటి రెండు రాత్రులు చెబితే చాలు. ఓపెన్ టైములో ప్రతి రాత్రీ కొత్త మనిషికి చెప్పాలి. నాలుగో రాత్రికి ఓపిక పోతుంది, సరిగ్గా ఆ రాత్రే పొరపాటు జరుగుతుంది. ఎలర్జీ ఉన్నవాళ్లకి ఇది ప్రాణం మీదకు వచ్చే విషయం. వేరుశెనగ, జీడిపప్పు పడని పిల్లలుంటే రెండో ఆలోచన లేకుండా ఫిక్స్‌డ్ తీసుకోండి. బుకింగ్ అప్పుడే ఆ సంగతి కంపెనీకి రాతపూర్వకంగా చెప్పండి, షిప్పెక్కాక హెడ్ వెయిటరుకి నోటితోనూ చెప్పండి.

ఓపెన్ టైముకీ సొంత బలాలున్నాయి. ఇద్దరే వెళ్తుంటే, తిండి విషయంలో పట్టింపులు లేకపోతే, అదే హాయి. ఫిక్స్‌డ్‌లో ఇద్దరికే విడిగా టేబుళ్లు తక్కువ. అడగకపోతే ఆరుగురో ఎనిమిదిమందో కూర్చునే టేబుల్ దగ్గర తెలియనివాళ్లతో కలిపి కూర్చోబెట్టే అవకాశం ఉంది. ఓపెన్ టైములో గుమ్మం దగ్గరే "మా ఇద్దరికే టేబులు" అనొచ్చు. టేబుళ్లు ఒకేసారి నిండవు కాబట్టి వెయిటరు మీద ఒత్తిడి తక్కువ. తొందరగా కావాలంటే గంటలో ముగించుకుని లేవొచ్చు కూడా.

చిక్కు వచ్చేది అందరికీ ఒకే సమయంలో ఆకలేసినప్పుడు. 6:30, 7:30 మధ్య గుమ్మం ముందు లైను కడతారు. మొదటి రాత్రి, అందరూ ముస్తాబై వచ్చే ఫార్మల్ నైటు మరీ ఎక్కువ. ఇద్దరు ముగ్గురైతే త్వరగానే పిలుస్తారు. ఎనిమిది, పదిమంది ఉంటే అంత పెద్ద టేబులు ఖాళీ అయ్యేదాకా నిలబడాలి, లేదా రెండుగా విడిపోయి కూర్చోవాలి. కార్నివాల్లో యాప్‌లో చెకిన్ చేస్తే టేబులు సిద్ధమయ్యాక కబురొస్తుంది, లైన్లో నిలబడక్కర్లేదు. రాయల్ కరీబియన్‌లో ముందే రోజువారీ రిజర్వేషన్ పెట్టుకోవచ్చు. ఆ సౌకర్యం ఉన్నచోట ప్రయాణానికి ముందే అన్ని రాత్రులకూ ఒకే టైము రిజర్వ్ చేసి, మొదటి రాత్రి నచ్చిన వెయిటరు పేరు, టేబుల్ నంబరు రాసుకుని, "రేపటి నుంచి ఇతని దగ్గరే కూర్చోబెట్టండి" అని గుమ్మం దగ్గరి సిబ్బందిని అడగండి. చాలాసార్లు ఒప్పుకుంటారు. అప్పుడు ఓపెన్ టైములో ఉంటూనే ఫిక్స్‌డ్ లాభం సగానికి పైగా వచ్చేస్తుంది. ఈ కాస్త పని చేయనివాళ్లకి మాత్రం ఓపెన్ టైము తీసుకోమని చెప్పలేం.

షుగరున్నవాళ్ల విషయంలో ఒక జాగ్రత్త. గదిలోనే ఇన్సులిన్ వేసుకుని వచ్చి లైన్లో అరగంట నిలబడితే షుగరు పడిపోవచ్చు. ఓపెన్ టైము అయితే టేబుల్ దగ్గర కూర్చుని బ్రెడ్డు బుట్ట వచ్చాక వేసుకోవడం మేలు. ఎప్పుడు వేసుకోవాలో డాక్టరును ముందే అడిగి వెళ్లండి. ఫిక్స్‌డ్ టైములో ఈ బెంగ దాదాపు ఉండదు.

ఇక ఏ బంతి? దీనికి జవాబు ఏ ఊళ్లకు వెళ్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. కరీబియన్ వైపు షిప్పులు రేవు నుంచి ఎక్కువగా సాయంత్రం 4, 5 గంటలకే బయల్దేరతాయి. అక్కడ మొదటి బంతి ఇబ్బంది పెట్టదు. అలాస్కా వేరు. జూనో లాంటి ఊళ్లో షిప్పు రాత్రి 9, 10 దాకా ఆగే రోజులుంటాయి, జూన్‌లో అప్పటికి ఇంకా వెలుతురే. 5:30 బంతి పట్టుకుంటే తిమింగలాలు చూసే పడవ వదులుకోవాలి, లేదా భోజనం వదులుకుని బఫేకి వెళ్లాలి. మధ్యధరా సముద్రం ప్రయాణాల్లోనూ అంతే. రోమ్ చూడాలంటే చివిటవెక్కియా రేవు నుంచి గంటకు పైగా ప్రయాణం. తిరిగొచ్చి స్నానం చేసి 5:30కి కూర్చోవడం కష్టం. బుక్ చేసే ముందు ఏ రేవు నుంచి ఎన్నింటికి బయల్దేరుతుందో ఒకసారి కాగితం మీద రాసుకోండి. 6 దాటి బయల్దేరే రోజులు రెండుకు మించితే రెండో బంతి గానీ ఓపెన్ టైము గానీ తీసుకోండి.

మన అలవాటుకు రాత్రి 8 గంటల భోజనం సరిగ్గా సరిపోతుంది. కానీ లేచేసరికి 9:45, 10 అవుతుంది, ఐదేళ్ల పిల్లలు డెజర్టు రాకముందే కుర్చీలో నిద్రపోతారు. డిస్నీ షిప్పుల్లో దీనికి మంచి మార్గం ఉంది. రెండో బంతిలో పిల్లలకు ముందు వడ్డించి, సుమారు 45 నిమిషాలకు కిడ్స్ క్లబ్ సిబ్బంది డైనింగ్ రూముకే వచ్చి వాళ్లని తీసుకెళ్తారు. డిస్నీ 1998లో మొదటి షిప్పు నుంచీ నడుపుతున్న పద్ధతి కూడా ముచ్చటైనది. మనం రోజుకో రెస్టారెంటుకు మారతాం, మనతో పాటే మన వెయిటర్లూ మారతారు. గది కొత్తది, మనిషి పాతవాడు. పిల్లలున్న కుటుంబాలకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు.

నార్వేజియన్ క్రూయిజ్ కంపెనీ 2000లో ఫ్రీస్టైల్ పేరుతో ఫిక్స్‌డ్ టేబుళ్ల పద్ధతినే పక్కన పెట్టింది. అక్కడ ఎంచుకునేదేమీ లేదు, అంతా ఓపెనే. పెద్ద గుంపుగా వెళ్లే శాకాహారులు ఆ షిప్పులు తీసుకునేటప్పుడు ఇది తెలిసే తీసుకోవాలి. క్యూనార్డ్ కంపెనీ షిప్పుల్లో గ్రిల్ సూట్లనే ఖరీదైన గదులు తీసుకున్నవాళ్లకు టేబులు మనదే, టైము కూడా మనిష్టమే. ధర అందరికీ అందేది కాదు గానీ, రెండు పద్ధతుల్లోని మంచినీ కలిపితే ఎలా ఉంటుందో అక్కడ తెలుస్తుంది. మన తీరం నుంచి కార్డీలియా అనే కంపెనీ నడిపే రెండు, మూడు రాత్రుల ట్రిప్పుల్లాంటి వాటికి ఈ చర్చంతా అక్కర్లేదు. వెయిటరుకు మన సంగతి తెలిసేలోపే దిగిపోతాం.

నాలుగైదు కుటుంబాలు కలిసి వెళ్తుంటే ఎక్కువగా తప్పు జరిగేది బుకింగుల దగ్గర. బుకింగు నంబర్లు వేరైతే టేబుళ్లూ వేరే. అందరూ ఒకే పద్ధతి, ఒకే బంతి ఎంచుకుని, నంబర్లన్నీ ఏజెంటుకో కంపెనీకో ఇచ్చి డైనింగ్ కోసం లింక్ చేయమని చెప్పాలి. ఒక కుటుంబం మై టైమ్, ఇంకో కుటుంబం ఫిక్స్‌డ్ తీసుకుంటే లింకు కుదరదు. కోరుకున్న బంతి నిండిపోతే వెయిటింగ్ లిస్టులో పెడతారు. ఒక్క బుకింగు అక్కడ ఆగినా గుంపు చీలిపోతుంది కాబట్టి వీలైనంత ముందే చేసుకోవాలి.

షిప్పెక్కిన రోజు మధ్యాహ్నం అందరూ బఫే వైపు పరుగెత్తుతారు. మీలో ఒకరు డైనింగ్ రూముకు వెళ్లండి. టేబుల్ మార్పుల కోసం ఆ రోజు మేత్ర డీ, అంటే డైనింగ్ రూము పెద్ద, కూర్చునే టైము, చోటు ఆ రోజు కార్యక్రమ పత్రంలోనో యాప్‌లోనో ఉంటాయి. కార్డు మీదో యాప్‌లోనో ఉన్న మీ టేబుల్ నంబరు పట్టుకెళ్లి, టేబులు ఎక్కడుందో కళ్లతో చూడండి. వంటగది తలుపు పక్కనో, వెయిటర్లు గిన్నెలు సర్దే స్టేషను పక్కనో ఉంటే గంటన్నరసేపు చప్పుడు తప్పదు. చక్రాల కుర్చీ ఉంటే గుమ్మానికి దగ్గరగా అడగండి. సముద్రం ఊపుకి కడుపులో తిప్పేవాళ్లుంటే షిప్పు మధ్యభాగానికి దగ్గరున్న కింది అంతస్తు టేబులు అడగండి. వెనక కొసన అద్దాల పక్కన దృశ్యం బాగుంటుంది గానీ ఊపు, ఇంజను అదురు అక్కడే ఎక్కువ. మొదటి రోజు ఖాళీలు ఉంటాయి, మూడో రోజు అడిగితే ఉండవు.

ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా చాలా కంపెనీలు ఎక్కనివ్వవు. సీలు తీయని ప్యాకెట్లు, పొడులు తీసుకెళ్లండి. డైనింగ్ రూములో వాటిని విప్పితే మామూలుగా ఎవరూ ఏమీ అనరు. ఫార్మల్ నైటుకు చీర, కుర్తా పైజమా నిక్షేపంగా చెల్లుతాయి.

టిప్పుల సంగతి. మనిషికి రోజుకు సుమారు 16 నుంచి 20 డాలర్ల దాకా ఖాతాలోనే పడుతుంది, అందులో డైనింగ్ వాళ్ల వాటా కూడా ఉంది. రోజూ పెరుగు గిన్నె తెచ్చిపెట్టిన మనిషికి పైన ఇంకొంత చేతిలో పెట్టాలనుకుంటే, ఫిక్స్‌డ్‌లో చివరి రాత్రి ఇస్తే సరిపోతుంది. ఓపెన్ టైములో రేపు అతను కనబడకపోవచ్చు, ఏ రాత్రికా రాత్రే ఇచ్చేయండి. ఆ చివరి రాత్రి పెద్ద పెట్టెలు 10, 11 గంటల లోపు గది బయట పెట్టమంటారు. రెండో బంతి వాళ్లు భోజనానికి వెళ్లే ముందే సర్దేసుకుని, మర్నాటి బట్టలు, మందులు, పాస్‌పోర్టులు చేతి సంచీలో విడిగా పెట్టుకోండి.