లోరెనా, సకాలా?

1942 నాటి హాలీవుడ్ సినిమా ‘కాసాబ్లాంకా’లో నటులు పీటర్ లోరె, ఎస్.జెడ్. సకాల్ ఇద్దరూ ఉన్నారు. వీళ్లలో ఎవరికి ఓటేయాలన్నదే ప్రశ్న. ఇద్దరూ పాత ఆస్ట్రియా-హంగరీలో పుట్టిన యూదులే, నాజీల దెబ్బకి జర్మనీ వదిలినవాళ్లే.

పీటర్ లోరె 1931లో జర్మన్ సినిమా ‘ఎం’లో పిల్లల్ని చంపే హంతకుడు. ఆ ముద్ర వదల్లేదు, హాలీవుడ్‌లోనూ ఎక్కువగా అనుమానాస్పద విదేశీ వేషాలే. మధ్యలో మిస్టర్ మోటో అనే జపాన్ డిటెక్టివ్‌గా ఎనిమిది సినిమాలు! మేకప్‌కన్నా కళ్లద్దాలే ఎక్కువ పని చేశాయనుకోండి. ‘కాసాబ్లాంకా’లో త్వరగానే మాయమవుతాడు కానీ ఆ గుసగుస గొంతు చెవిలో ఉండిపోతుంది.

ఎస్.జెడ్. సకాల్ పూర్తిగా రివర్స్. అదే సినిమాలో బొద్దు బుగ్గల హెడ్ వెయిటర్ కార్ల్‌గా లోరెకన్నా ఎక్కువసేపే కనిపిస్తాడు. అంత నవ్వించినవాడి అక్కచెల్లెళ్లు ముగ్గురూ నాజీ క్యాంపుల్లో చనిపోయారు.

నటనలో లోతు లోరెదే. అయినా నా ఓటు సకాల్‌కి: లోరె ఉంటే టెన్షన్, సకాల్ ఉంటే ఇంకాసేపు కూర్చోవాలనిపిస్తుంది.