దుబాయ్ విజిట్ వీసా + జాబ్ అసిస్టెన్స్ ప్యాకేజీ రివ్యూ: వీసా వరకు ఓకే, మిగతాది డబ్బు దండగ

పూర్తిగా చదివే ఓపిక లేనోళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. వీసా పనికి 5కి 4 ఇస్తా, బెడ్‌స్పేస్‌కి (అంటే షేరింగ్ రూములో ఒక్క మంచం అద్దెకి) 2, ఆ "జాబ్ అసిస్టెన్స్" అనేదానికి మాత్రం సున్నా. ఏజెన్సీ పేరు రాయట్లేదు, అడక్కండి, మా గోదావరి జిల్లాల్లో ఏ టౌన్‌కెళ్ళినా బస్టాండ్ దగ్గర ఇలాంటి బోర్డు ఒకటి కనిపిస్తుంది, అందరూ అమ్మేది కాస్త అటూ ఇటుగా ఇదే.

నాది బీకామ్, కాకినాడలో ఒక ఆడిటర్ గారి దగ్గర ట్యాలీ, జీఎస్టీ చూసేదాన్ని. ప్యాకేజీలో 60 రోజుల టూరిస్ట్ వీసా, ఇన్సూరెన్స్, ఎయిర్‌పోర్ట్ పికప్, మొదటి నెల లేడీస్ బెడ్‌స్పేస్, జాబ్ అసిస్టెన్స్, అన్నీ కలిపి 58 వేలు, ఫ్లైట్ టికెట్ మనదే. విడగొట్టి చెప్పండి అని గట్టిగా అడిగితే వీసా ఇన్సూరెన్స్ కలిపి 18 వేలు, బెడ్ 800 దిర్హాములు అంటే మన డబ్బుల్లో 19 వేల దాకా అన్నారు. మిగిలిన 21 వేలు దేనికండీ అంటే "అదే కదా మేడం అసలు సర్వీసు" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. సరే ఆ అసలు సర్వీసు సంగతి కింద చెప్తా.

వీసా మాత్రం నీట్‌గా వచ్చింది. పాస్‌పోర్ట్ స్కాన్, వైట్ బ్యాక్‌గ్రౌండ్ ఫొటో ఇస్తే కొన్ని రోజుల్లో పీడీఎఫ్ పంపారు. అది నిజమైనదో కాదో ఎవరినీ అడగక్కర్లేదు, దుబాయ్ వీసా అయితే జీడీఆర్ఎఫ్ఏ (అక్కడి వీసా ఆఫీసు) వెబ్‌సైట్లో, మిగతా ఎమిరేట్స్‌ది అయితే ఐసీపీ (యూఏఈ కేంద్ర వీసా ఆఫీసు) సైట్లో ఫైల్ నంబర్ కొట్టి మనమే చూసుకోవచ్చు, తప్పకుండా చూసుకోండి. ఇంకోటి, వీసా ఇష్యూ అయిన 60 రోజుల్లోపు దేశంలో దిగాలి, దిగిన రోజు నుంచి మన 60 రోజులు లెక్క. కాబట్టి "రేట్లు పెరుగుతున్నాయి మేడం ఈ వారమే అప్లై చేసేద్దాం" అని తొందరపెడితే పడిపోకండి, ముందు డిగ్రీ సర్టిఫికెట్ అటెస్టేషన్, అంటే అది అసలైనదే అని ముద్రలు, వేయించుకోండి. మన స్టేట్‌లో హెచ్ఆర్‌డీ, తర్వాత విదేశాంగ శాఖ, తర్వాత యూఏఈ వాళ్ళ ముద్ర, ఇవన్నీ అయ్యేసరికి వారాలు పడుతుంది. అకౌంటెంట్, ఇంజనీర్ లాంటి పోస్టులకి ఆఫర్ వచ్చాక కంపెనీ మొదట అడిగేది ఇదే, అప్పుడు అక్కడ కూర్చుని సర్టిఫికెట్ ఇండియాకి కొరియర్ చేస్తూ ఉంటే ఉన్న రోజులు కాస్తా కరిగిపోతాయి. ఈ ముక్క ప్యాకేజీ వాళ్ళు ఒక్కసారి కూడా చెప్పలేదు.

చెప్పనిది ఇంకోటి కూడా ఉంది. 2022 అక్టోబర్ నుంచి యూఏఈలో ఉద్యోగం వెతుక్కోవడానికనే ప్రత్యేకంగా ఒక వీసా ఉంది, 60, 90, 120 రోజులకి ఇస్తారు, స్పాన్సర్ అక్కర్లేదు, డిగ్రీ ఉండి ప్రొఫెషనల్ కేటగిరీలోకి వచ్చేవాళ్ళకి, మంచి ర్యాంకున్న యూనివర్సిటీల నుంచి కొత్తగా బయటకొచ్చినవాళ్ళకి. మనమే సొంతంగా అప్లై చేసుకోవచ్చు. ఏజెంట్లు దాని ఊసెత్తరు, వాళ్ళకి అందులో మిగిలేదేం ఉంటుంది చెప్పండి. డిగ్రీ అటెస్ట్ అయ్యి ఉంటే ముందు అదే చూడండి, టూరిస్ట్ వీసా తర్వాత.

ఫ్లైట్ టికెట్ మనదే అన్నా, కౌంటర్లో చూపించడానికి "రిటర్న్ టికెట్ మేమే చూసుకుంటాం" అని కూడా అన్నారు, అది డమ్మీ టికెట్ అండి. పీఎన్ఆర్ ఉన్నట్టు పేపర్ ఉంటుంది, ఎయిర్‌లైన్ సిస్టంలో కొడితే ఏమీ ఉండదు. 2024 నుంచి చెకింగ్ బాగా పెరిగింది, రిటర్న్ టికెట్, ఉండే చోటు ప్రూఫ్, ఖర్చులకి సరిపడా డబ్బు లేదా కార్డు చూపించమంటున్నారు, లేకపోతే ఫ్లైటే ఎక్కనివ్వరు. నేను నా డబ్బులతో రిటర్న్ కొనుక్కునే వెళ్ళా కాబట్టి హైదరాబాద్ కౌంటర్లో రెండు నిమిషాల్లో అయిపోయింది, నా ముందున్న కుర్రాడు మాత్రం ఏజెంట్‌కి ఫోన్ మీద ఫోన్ చేస్తూ పక్కకి నిలబడిపోయాడు పాపం. వాడు ఎక్కాడో లేదో నాకు తెలీదు.

పదో తరగతి పాస్ కాని వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వాళ్ళది ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) పాస్‌పోర్ట్, గల్ఫ్‌కి పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. అది తప్పించడానికే "ముందు విజిట్ మీద వెళ్ళిపో అమ్మా, అక్కడ మార్చేస్తారు" అంటారు. అలా వెళ్తే ఈమైగ్రేట్ అనే మన ప్రభుత్వ రికార్డులో మీరు లేనట్టే, రేపు ఏదైనా అయితే అడిగే దారి సగం మూసుకుపోతుంది. కోనసీమ వైపు ఇళ్ళల్లో పనికి పంపే ఏజెంట్లు ఆడవాళ్ళకి చెప్పేది సరిగ్గా ఈ మాటే. అసలు ఈసీఆర్ పాస్‌పోర్ట్ మీద 30 ఏళ్ళు నిండని ఆడవాళ్ళని ఆ పనికి పంపడానికే రూల్ ఒప్పుకోదు.

ఇక బెడ్‌స్పేస్. కరామాలో పాత బిల్డింగ్, మెట్రోకి నడిచే దూరం, అంతవరకు బాగుంది. ఫొటోలో చూపించింది నలుగురి రూము, వెళ్ళి చూస్తే మూడు బంక్ బెడ్లు, ఆరుగురం. కింది బెడ్ ఒక రేటు, పై బెడ్ ఇంకో రేటు, మనకి చెప్పకుండా పైది ఇచ్చారు. కరెంటు, నీళ్ళు, వైఫై అందులోనే. ఫ్రిజ్‌లో ఒక్కొక్కరికి సగం అర, పాల ప్యాకెట్ మీద కూడా పేరు రాసుకోవాలి, వంటకి టైం స్లాట్లు, నాది పొద్దున్నే ఆరున్నరకి. మొదటి రాత్రే మెడ దగ్గర వరసగా దద్దుర్లు వచ్చాయి, ఫోన్ టార్చ్ వేసి పరుపు కుట్టు దగ్గర చూస్తే నల్లులు. కేర్‌టేకర్ని అడిగితే "దుబాయ్‌లో ఇది కామన్ మోళే" అంది ఆవిడ, మలయాళీ ఆంటీ, స్ప్రే కొట్టించింది గానీ వారం తర్వాత మళ్ళీ మామూలే. వెళ్ళేవాళ్ళకి చెప్పేదేంటంటే డిపాజిట్ కట్టే ముందు పరుపు మూలలు, మంచం చెక్క సందులు చూసుకోండి, నల్లటి చుక్కలు కనిపిస్తే అటు నుంచి అటే వెనక్కి వచ్చేయండి. పార్టిషన్ రూముల (ఒక గదిని చెక్కలతో అడ్డం కట్టి ముక్కలు చేసినవి) జోలికి అస్సలు పోకండి, 2025 జూన్ నుంచి మున్సిపాలిటీ వాళ్ళు రిగ్గా, మురఖ్ఖబాత్, సత్వా, బర్షా లాంటి చోట్ల పర్మిషన్ లేని పార్టిషన్లు తీయించేస్తున్నారు, ఉన్నపళంగా సామాను సర్దుకోవాల్సి వస్తుంది. మా ఆంటీ అయితే ఎవరైనా చెకింగ్‌కి వస్తే అందరూ కజిన్స్ అని చెప్పమంది. ఆరుగురిలో నేను, ఒక నెల్లూరు అమ్మాయి, ఇద్దరు ఫిలిప్పినోలు, ఒక నేపాలీ, ఒక శ్రీలంక ఆవిడ. ఏ వైపు కజిన్సో ఏంటో.

తిండి విషయంలో మాత్రం దుబాయ్ మీద ఒక్క కంప్లైంట్ లేదు. చేతిలో డబ్బులు లెక్కపెట్టుకునే టైంలో కూడా కడుపు మాడలేదు. వీధి చివర కెఫటేరియాల్లో కరక్ చాయ్ దిర్హామ్, దిర్హామున్నర, యాలకులు దట్టంగా వేసి ఎవాపరేటెడ్ పాలతో మరిగిస్తారు, కార్లలో వచ్చినోళ్ళు దిగరు, హారన్ కొడతారు, కుర్రాడే ట్రే పట్టుకుని పరిగెత్తుతాడు. అక్కడే పరాటాలో చీజ్ పూసి ఒమన్ చిప్స్ నలిపి వేసి చుట్టి ఇస్తారు, వినడానికి ఏంటిది అనిపిస్తుంది గానీ ఇంటర్వ్యూల మధ్యలో నా లంచ్ చాలాసార్లు అదే. ఆకలి బాగా ఉంటే సత్వాలో రావి రెస్టారెంట్, పాకిస్తానీ హోటల్, 1978 నుంచి ఉంది, దాల్ ఒకటి చెప్పి వేడి వేడి రోటీలు తింటే పర్సు బరువు తగ్గదు.

మందీ గురించి ఒక మాట. మన ఊళ్ళల్లో సందుకొకటి పెట్టి మయొనైజ్ కప్పులిచ్చి అమ్ముతున్నది తిని అదే మందీ అనుకున్నా ఇన్నాళ్ళూ. యెమెన్ వాళ్ళ హోటల్లో తింటే మసాలా ఘాటు ఉండదు, మాంసం ఎముక నుంచి ఊడి వచ్చేస్తుంది, అన్నంలో పొగ వాసన, పక్కన టమాటా పచ్చిమిర్చి కలిపి దంచిన సహావిక్ అనే చట్నీ. ఎమిరాతీల ఇంటి వంట అంటే మచ్‌బూస్, ఎండబెట్టిన నిమ్మకాయ వేస్తారు, దాన్ని లూమీ అంటారు, ఆ పులుపు మా గోదావరి నాలుకకి ఠక్కున నచ్చేసింది. హరీస్ తింటే హైదరాబాద్ హలీం చుట్టరికం అర్థమవుతుంది, కాకపోతే ఇక్కడ గోధుమ, మాంసం, ఉప్పు, నెయ్యి అంతే, కారం కావాలనే వాళ్ళకి చప్పగా ఉంటుంది. లుకైమాత్ మాత్రం ఒక్కసారైనా తినండి, చిన్న చిన్న ఉండలు నూనెలో వేయించి పైన ఖర్జూర పాకం, నువ్వులు. చేపలు లేకపోతే బతకలేని నాలాంటి వాళ్ళకి డేరాలో వాటర్‌ఫ్రంట్ మార్కెట్ ఉంది, అక్కడి వాళ్ళకి హమ్మూర్ పిచ్చి, మనకి కింగ్‌ఫిష్ అంటే వంజరమే. నెల్లూరు అమ్మాయి ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండుతో పులుసు పెడితే ఫిలిప్పినోలు కూడా గిన్నె నాకేశారు, స్లాట్ టైం దాటిపోయినా ఆరోజు ఎవరూ అరవలేదు.

ఇప్పుడు ఆ 21 వేల "అసలు సర్వీసు". ఒకటి, సీవీ మార్చి ఇచ్చారు, నేను రాసుకున్న జీఎస్టీ రిటర్నులు, బ్యాంక్ రీకన్సిలియేషన్ అంతా తీసేసి పైన "డైనమిక్ అండ్ హార్డ్‌వర్కింగ్" అని ఒక పేరా పెట్టారు. రెండు, ఆ సీవీని వాళ్ళ జీమెయిల్ నుంచి వందల కంపెనీలకి ఒకేసారి బీసీసీలో కొట్టారు, ప్రూఫ్ అని స్క్రీన్‌షాట్ పంపితే అందులోనే సగం డెలివరీ ఫెయిల్డ్ అని కనిపిస్తున్నాయి. మూడు, ఒక వాట్సాప్ గ్రూప్, రోజంతా "అర్జెంట్లీ రిక్వైర్డ్" ఫార్వర్డులు, ఫేస్‌బుక్‌లో ఫ్రీగా తిరిగేవే. అంతే, ఇంకేం లేదు.

నిజంగా కాల్స్ వచ్చింది లింక్డిన్, నౌకరీగల్ఫ్, బైత్ నుంచి, అది కూడా లోకల్ నంబర్ తీసుకుని సీవీ పైన విజిట్ వీసా ఏ తేదీ వరకో, వెంటనే చేరగలనని రాశాకే. వాక్-ఇన్ అని బిజినెస్ బే, జేఎల్‌టీ టవర్ల చుట్టూ ఫైల్ పట్టుకు తిరగడం ఇప్పుడు దాదాపు వేస్ట్, లాబీలో సెక్యూరిటీ దాటనివ్వడు, డేరా, బర్‌దుబాయ్ పాత ట్రేడింగ్ ఆఫీసుల్లో అయితే ఇంకా లోపలికి రానిస్తారు. తిరగడానికి నోల్ కార్డు (మెట్రో, బస్సులకి వాడే కార్డు) చాలు, మెట్రోలో లేడీస్ పెట్టె వేరే, క్రీక్ దాటడానికి అబ్రా పడవ ఒక్క దిర్హామ్. వాట్సాప్ కాల్స్ అక్కడ పనిచేయవు, ఇంట్లో వాళ్ళతో ముందే బోటిమ్ అనే కాలింగ్ యాప్ వేయించుకోండి, లేకపోతే మా అమ్మలాగా ఫోన్ కలవట్లేదని ఊరంతా ఏకం చేస్తారు.

ఇంటర్వ్యూల్లో ప్రతి ఒక్కడూ అడిగే ప్రశ్న "యూఏఈ ఎక్స్‌పీరియన్స్ ఉందా", లేదంటే "మరి వ్యాట్ తెలుసా". వాళ్ళ వ్యాట్ 5 శాతం, 2018 జనవరి నుంచి ఉంది, కార్పొరేట్ ట్యాక్స్ 2023 జూన్ నుంచి మొదలైంది, 3 లక్షల 75 వేల దిర్హాముల లాభం దాటితే 9 శాతం. జీఎస్టీ చేసినోళ్ళకి ఇది వారం రోజుల చదువు, ఎమారాట్యాక్స్ అనే వాళ్ళ ప్రభుత్వ ట్యాక్స్ పోర్టల్లో రిటర్న్ ఎలా వేస్తారో వీడియోలు చూసి వెళ్ళండి, నాకు పనికొచ్చింది అదే.

మోసాల సంగతి. "రిజిస్ట్రేషన్ ఫీజు 300 దిర్హాములు" అనే కన్సల్టెన్సీలు బోలెడు, కట్టకండి, అక్కడి చట్టం ప్రకారం రిక్రూట్‌మెంట్ ఖర్చు, వీసా ఖర్చు కంపెనీదే, ఉద్యోగి దగ్గర తీసుకోకూడదు. ఒక ట్రేడింగ్ కంపెనీ వాడైతే "రెండు వారాలు ట్రయల్ చెయ్యమ్మా, నచ్చితే వీసా" అన్నాడు. విజిట్ మీద పని చేయడమే నేరం, 2024 ఆగస్టులో మార్చిన చట్టంలో అలా పెట్టుకున్న కంపెనీకి లక్ష నుంచి పది లక్షల దిర్హాముల దాకా జరిమానా పెట్టారు. ఆ మాట వాడితో అంటే మొహం మాడ్చుకుని "నీలాంటోళ్ళు బయట వంద మంది ఉన్నారు" అన్నాడు, ఉండనీ. ఆఫర్ లెటర్ వస్తే దాని మీద నంబర్ ఉంటుంది, మోహ్రే (అక్కడి కార్మిక శాఖ) వెబ్‌సైట్లో చెక్ చేసుకోండి, ఫ్రీజోన్ (సొంత రూల్స్ ఉండే ప్రత్యేక వ్యాపార ప్రాంతం) కంపెనీ అయితే ఆ ఫ్రీజోన్ ఆఫీసుకే అడగాలి, మోహ్రేలో కనపడదు. వీసా తేదీ దాటితే రోజుకి 50 దిర్హాములు ఫైన్, ఈ ఒక్కటీ గోడ మీద రాసి పెట్టుకోండి. ఇరుక్కుపోయామనిపిస్తే ఇండియన్ కాన్సులేట్ వాళ్ళ ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది, సలహా ఫ్రీ, తెలుగువాళ్ళు మొహమాటపడి చివరి నిమిషం దాకా వెళ్ళరు ఎందుకో. రంజాన్ నెల, జూలై ఆగస్టు ఎండలు తప్పించి ప్లాన్ చేసుకోండి, ఆ టైంలో సంతకం పెట్టే మేనేజర్లు సీట్లో ఉండరు.

నాకు ఉద్యోగం వచ్చింది చివరికి, కింది బెడ్ ఫిలిప్పినా అమ్మాయి వాళ్ళ ఆఫీసులో అకౌంట్స్‌కి మనిషి కావాలంటే నా సీవీ, అదీ నేను రాసుకున్న పాతది, వాళ్ళ మేనేజర్‌కి ఇచ్చింది. మెడికల్, ఎమిరేట్స్ ఐడీ, స్టేటస్ ఛేంజ్ (విజిట్ నుంచి ఉద్యోగ వీసాకి మార్చడం) అన్నీ కంపెనీనే కట్టింది. ఆ సంగతి ఏజెన్సీ వాళ్ళకి ఎలా తెలిసిందో, ఆఫర్ లెటర్ పట్టుకుని ఒక ఫొటో పంపండి మేడం, సక్సెస్ స్టోరీ కింద పెట్టుకుంటాం అని మెసేజ్ పెట్టారు. 21 వేలకి బిల్లు పంపండి, ఫొటో సంగతి తర్వాత చూద్దాం అన్నా. బ్లూ టిక్కులు పడ్డాయి, రిప్లై లేదు.