హన్మకొండలో స్కాన్ సెంటర్: మందు మనమే కలపాలా, హైదరాబాద్ నుంచి తెప్పించాలా?

స్కాన్‌కు ముందు పేషెంటుకు ఎక్కించే రేడియోధార్మిక మందు గురించే ఈ ప్రశ్న. ముందు గడియారం లెక్క. ఎముక, థైరాయిడ్, గుండె స్కాన్లకు వాడే రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం-99ఎం. దాని అర్ధజీవితకాలం (సగానికి తగ్గే సమయం) 6 గంటలు. హైదరాబాద్ నుంచి మూడు గంటల ప్రయాణం అనుకుంటే 70 శాతం చేతికొస్తుంది. పెట్ స్కాన్‌కు వాడే రేడియోధార్మిక ఫ్లోరిన్, ఎఫ్-18ది 110 నిమిషాలే. మూడో వంతు కూడా మిగలదు.

మనుషులు

సొంత హాట్ ల్యాబ్ (రేడియోధార్మిక మందు కలిపే గది): పొద్దున్నే జనరేటర్‌కు (లోపలి మాలిబ్డినం నుంచి టెక్నీషియం పుట్టే పెట్టెకు) ఒక పక్క సెలైన్ వయల్, ఇంకో పక్క లెడ్ కవచంలో ఉన్న, గాలి తీసేసిన ఖాళీ వయల్ గుచ్చాలి. సెలైన్ మాలిబ్డినం ఉన్న గొట్టం (కాలమ్) గుండా దిగి, టెక్నీషియాన్ని కడిగి తెచ్చి ఖాళీ వయల్‌లో పడుతుంది. దాన్ని డోస్ క్యాలిబ్రేటర్‌లో (రేడియోధార్మికత కొలిచే యంత్రంలో) కొలవాలి, మాలిబ్డినం కలిసొచ్చిందేమో చూడాలి, కిట్ (స్కాన్ చేసే అవయవానికి తగ్గ మందు పొడి) కలపాలి, నాణ్యత పరీక్షించాలి, అన్నీ రిజిస్టర్‌లో రాయాలి. రేడియోఫార్మసిస్ట్ (ఈ మందులు కలిపే నిపుణుడు) దొరక్కపోతే ఈ భారమంతా టెక్నాలజిస్టు మీదే, పైగా స్కాన్లూ ఆయనే తీయాలి. పొరపాట్లు పుట్టేది అక్కడే.

తెప్పించుకుంటే: కలపడం అవతలి ఫార్మసీ పని. మనవాళ్లు అందుకుని, కొలిచి, పేషెంటు పేరు సరిచూస్తే చాలు.

రేడియేషన్ సేఫ్టీ ఆఫీసర్, న్యూక్లియర్ మెడిసిన్ డాక్టర్, టీఎల్‌డీ బ్యాడ్జీలు (సిబ్బందికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేవి) మాత్రం రెండు దారుల్లోనూ తప్పవు. "డబ్బాలో వచ్చేదానికి ఆఫీసర్ దేనికి?" అనే యజమాని మాట వినకండి.

ఖర్చు

సొంతం: పేషెంట్లు వచ్చినా రాకున్నా మాలిబ్డినం 66 గంటలకు సగమవుతుంది. జీతాలైతే నిలకడే.
తెప్పిస్తే: ఆర్డరిచ్చిన మేరకే బిల్లు.

రిస్క్

సొంతం: ఒక్కరే ఉండి సెలవు పెడితే ఆ రోజు బందే.
తెప్పిస్తే: ఉప్పల్‌లో బండి ఇరుక్కుంటే డోసు తరుగుతుంది, పరగడుపున వచ్చిన పేషెంటు విసుక్కుంటాడు.

రోజూ ఎముక, థైరాయిడ్, గుండె స్కాన్లు నిండుతూ, పని తెలిసినవాళ్లు ఇద్దరుంటే సొంత ల్యాబే మేలు. వారానికి రెండు మూడు రోజులే స్కాన్లుంటే, సరఫరా ఒప్పందం కుదిరితే తెప్పించుకోండి. పెట్‌కైతే, సైక్లోట్రాన్ (ఎఫ్-18 తయారుచేసే యంత్రం) పెట్టేంత స్తోమత లేనివాళ్లకు ఎలాగూ బయటి నుంచే.